చిన్నాయన జీపు తాగిన పెట్రోలు

ఆగస్టు నెల, ఆదివారం సాయంత్రం. స్థలం: వనపర్తిలో మా ఇల్లు. హాజరు: నేను, నా భార్య ఎస్తేరు, మా అమ్మాయి సునంద, అల్లుడు ప్రభాకర్, గోపాల్‌పేట నుంచి మధ్యాహ్నమే వచ్చిన మా చిన్నమ్మ శాంతమ్మ. వాతావరణం: వాన పడి వెలిసింది. చర్చకు వచ్చిన విషయం: సునంద బండిని అమ్మాలా, ఉంచాలా.

ఇంటి ముచ్చటను ఇట్లా మీటింగు లెక్క రాస్తానని మా ఆవిడ నవ్వుతుంది. ఏం చేయను, నా ఉద్యోగమంతా బస్సు డిపోలో గడిచింది. ఏ డ్రైవరు ఏ బండి మీద పోయాడు, ఎంత దూరం తిప్పాడు, ఎంత డీజిలు కాల్చాడు అనేది రాసిపెట్టి, లీటరుకు ఎవరు ఎంత తెచ్చారో బోర్డు మీద ఎక్కించడం నా పని. పొద్దున బోర్డు చూసి కొందరు డ్రైవర్లు మీసం దువ్వుకునేవారు, కొందరు నా టేబుల్ దగ్గరకు రాకుండా చాటుగా వెళ్లిపోయేవారు. రిటైరైన తర్వాత కూడా బండి అనగానే ముందు అది ఎంత తాగుతుందనే ఆలోచనే వస్తుంది నాకు. అందుకే ఆ సాయంత్రం తీర్పు చెప్పే కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు.

సునంద పశువుల డాక్టరు. ఉండేది నాగర్‌కర్నూల్‌లో, పని నల్లమల అంచు మండలంలో. అడవిలోపల చెంచువాళ్ల పెంటలకు కూడా తనే పోవాలి. పెంట అంటే పది ఇరవై గుడిసెల పల్లె. అక్కడి ఆవులకు, మేకలకు సూదులు వేయడం, ఈత కష్టమైతే చేయి పెట్టి దూడను తీయడం తన పని. కిందటేడు ఒక పాత బండి కొన్నది. చిన్న బండే, అగ్గిపెట్టెకు చక్రాలు బిగించినట్టు ఉంటుంది. కానీ అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది. మా సందులో ఆటో తిరగని మలుపులో అది తిరుగుతుంది. వెనక సీటు మడిస్తే మందుల పెట్టె, ఐసు డబ్బా, పొలం చెప్పులు, ఒకసారైతే కాలు విరిగిన లేగదూడ కూడా పట్టింది. దాని మీద అల్లునికున్న ఫిర్యాదు ఒక్కటే. పెట్రోలు తాగుతుంది.

"మామా, మీరే లెక్క కట్టి చెప్పండి," అన్నాడు ప్రభాకర్. ఆయన కల్వకుర్తిలో హైస్కూలు లెక్కల సారు. "వారం తిరగకముందే బంకుకు పోవాలె. మా స్టాఫ్‌రూముల అందరి కార్లు దీనికి రెండింతల మైలేజీ ఇస్తున్నయ్. గద్వాలాయన ఒకాయన రేపు పొద్దున ఈడికే చూడనీకి వస్తనన్నడు. మీరు ఊఁ అంటే ఇచ్చేద్దాం, మామూలు కారు తీసుకుందాం."

"మామూలు కారు పెంటల తొవ్వల వాగు దాటదు," అన్నది సునంద. "ఈ బండి పోతే నేను పెంటలకు పోలేను నాయినా. టౌను దవాఖానకు బదిలీ పెట్టుకోవాలె. ఆడ కూసొని కుక్కలకు సూదులేసుకుంట ఉంట. నువ్వు కూడా గదే మంచిదంటే చెప్పు, పెట్టుకుంట."

గొంతు మామూలుగానే ఉంది కానీ, చేతిలో టీ గ్లాసు తాగకుండానే చల్లారిపోయింది. మా అమ్మాయి సంగతి నాకు తెలుసు. చిన్నప్పటి నుంచి ఏడవాల్సి వచ్చినప్పుడల్లా ఇట్లాగే నెమ్మదిగా మాట్లాడుతుంది.

అప్పటిదాకా మంచం మీద కాళ్లు చాపుకుని, వక్క నములుతూ ఊరుకున్న చిన్నమ్మ నోరు విప్పింది. ఆమెకు ఎనభై దాటాయి. చెవులు మాత్రం పనికొచ్చే మాటలన్నిటినీ పట్టుకుంటాయి.

"నాలుగు చక్రాలకు ఏసి తోలుతున్నవా ఏందే పిల్లా, మీ తాత లెక్క?"

అని, తన మాటకు తనే నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వింది. ఎస్తేరు పోయి నీళ్లు తెచ్చింది. నాకు కూడా నవ్వు ఆగలేదు. సునంద, ప్రభాకర్ మా ఇద్దరి ముఖాలూ చూశారు. ఇక చెప్పక తప్పలేదు. వాళ్లకు చెప్పిందే ఇక్కడ కూడా రాస్తున్నాను.

చిన్నమ్మ అన్న ఆ తాత ఆమె భర్త, మా చిన్నాయన బాలస్వామి. మా నాయన, ఆయన ఇద్దరూ మట్టిపని కూలీలు. ఎక్కడ డ్యాము కడితే అక్కడికి గుంపు మేస్త్రీ లారీలో తీసుకుపోయేవాడు. దీపావళి పోయాక లారీ వస్తే మళ్లీ వానలు పడేదాకా మా వాడలో ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలే మిగిలేవారు. కన్నడ దేశంలో ఒక డ్యాము కాడ చిన్నాయన తట్ట మోయడం నుంచి క్యాంపు జీపుకు నీళ్లు పోయడానికి, అక్కడి నుంచి దాన్ని తోలడానికి ఎదిగాడు. పని పూర్తయ్యాక కంట్రాక్టరు అరిగిపోయిన సామానంతా అమ్ముకుంటుంటే, ఆ జీపును తను తీసుకుని ఊరికి వచ్చాడు. రంగు వెలిసిపోయి, పైన గుడ్డ టాపు చిరిగి, ముందు లైటు ఒకటి గుంతకన్నులా ఉండేది. మా వాడకు ఇంజనుతో నడిచేదొకటి సొంతంగా రావడం అదే మొదలు. గోపాల్‌పేట దగ్గర మా పల్లె నుంచి కోడేరు దాకా చెప్పుకున్నారు ఆ సంగతి.

అప్పుడు నేను వనపర్తిలో కాలేజీ చదువుతున్నాను. సెలవులన్నీ జీపులోనే గడిచేవి. ఇప్పటికీ ఎక్కడన్నా పెట్రోలు వాసన, జొన్నరొట్టె కాలే వాసన ఒక్కసారే తగిలితే, చిన్నాయన ఇంటి తెల్లవారుజాము గుర్తొస్తుంది. చిన్నమ్మ పొయ్యి మీద రొట్టెలు తట్టేది. చిన్నాయన ఇంజనుకు నీళ్లు పోసి, పాత బనీనుతో అద్దం తుడిచి, బానెట్ మీద అరచేయి పెట్టి కళ్లు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఇంట్లో చేసే ప్రార్థన కంటే అది కొంచెం పొడుగు. పక్కింటి ముసలమ్మ "దేవునికి మన బాధలు చెప్పు బాలస్వామీ, బ్రేకుల సంగతి మెకానిక్కు చెప్పు" అనేది. ఆ తర్వాత హ్యాండిల్ తిప్పేవాడు. మూడోసారికో నాలుగోసారికో జీపు దగ్గి, పొగ వదిలి లేచేది. కోళ్లన్నీ ఒకేసారి గోడెక్కేవి. రొట్టెలు గుడ్డలో కట్టి చిన్నమ్మ సీటు మీద పెట్టేది. మధ్యాహ్నం విప్పితే వాటికి కూడా కొంచెం పెట్రోలు వాసన ఉండేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆ జీపు చేయని పని లేదు. పల్లికాయ బస్తాలు మార్కెట్టుకు, పెళ్లివాళ్లు చీరలు కొనడానికి గద్వాలకు, నొప్పులు మొదలైన ఆడమనిషి వనపర్తి దవాఖానకు, ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల ముసలివాళ్లు చర్చికి. లోపల మనుషులు, బానెట్ మీద మేక, వెనక వేలాడే పిల్లలు. "బేగ బేగ" అని, అంటే త్వరగా అని, కన్నడంలో కేకేస్తూ ఎక్కించేవాడు చిన్నాయన. అది పరదేశం పోయివచ్చినవాడి దర్పం. తనకు ఆ జీపు మీద ఉన్న ఆశ వేరే. కిందటిసారి పనుల నుంచి ఇంటికి వచ్చినప్పుడు, తన బిడ్డ తనను గుర్తుపట్టక తల్లి చీర వెనక దాక్కుని ఏడ్చింది. జీపు మీద బతుకు గడిస్తే, దీపావళి తర్వాత మేస్త్రీ లారీ ఎక్కే పని లేదు. గడవకపోతే ఎక్కాలి. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి, ఎవరూ పైకి అనేవారు కాదు.

ఇక ఆ నాలుగు చక్రాల సంగతి. గేరు పక్కన ఇంకొక చిన్న కడ్డీ ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలకు కూడా బలం పోతుంది. బురదలో, ఇసుకలో దిగబడితే వాడడానికి పెట్టింది. చిన్నాయన దాన్ని ఇంటి ముందే లాగేవాడు. వనపర్తి తారు రోడ్డు మీద కూడా నాలుగు చక్రాల మీదే. ఎందుకని నేనడిగితే, నా వైపు జాలిగా చూశాడు.

"రెండెద్దులు గుంజే బరువును నాలుగెద్దులు గుంజితే ఏమైతది రా దావీదూ?"

"అలకగా గుంజుతయ్."

"మరి ఎద్దు అలవకుంటే మేత తక్కువ తింటదా, ఎక్కువ తింటదా?"

నేను ఒప్పుకున్నాను. నేనే కాదు, మా బడి పంతులు ఒప్పుకున్నాడు, చర్చి పాస్టరు ఒప్పుకున్నాడు, నాలుగెద్దులు ఉన్న రైతులు ముందే ఒప్పుకున్నారు. ఎద్దుల మీద బతికిన ఊరు మాది. బరువు పంచుకుంటే కష్టం తగ్గుతుందనేది అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. కడ్డీ లాగితే కటుక్కుమనే చప్పుడు వచ్చేది. ఆ చప్పుడు వినపడేదాకా ముసలమ్మలు సీట్లో సర్దుకునేవారు కాదు. "ఏసినవా నాయినా నాలుగిటికీ?" అని అడిగి మరీ కొంగు బిగించుకునేవారు. రోడ్డు మలుపుల్లో స్టీరింగు మొండికేసేది, చక్రాలు కీచుమనేవి. కొత్త ఎద్దులు కాడికి అలవాటు పడేదాకా అంతే అనేవాడు చిన్నాయన.

జీపేమో తాగుతూనే ఉంది. పెట్రోలు తొట్టి డ్రైవరు సీటు కిందనే ఉండేది. సీటు లేపి, మూత తీసి, సన్నని వెదురు పుల్ల ముంచి, తడి ఎంతదాకా అంటిందో చూడడం చిన్నమ్మ పని. దీపంలో కిరసనాయిలు, కుండలో బియ్యం ఎట్లా చూసుకునేదో ఇదీ అట్లాగే. మార్కెట్టు తిరిగి వచ్చిన ప్రతి శనివారం పుల్ల కొన మాత్రమే తడిసేది. ఆమె పుల్లను చీరకు తుడిచి, చూరులో దోపేది. దసరా దాటింది. మేస్త్రీ ఒకసారి వచ్చి, మా గుమ్మం ముందు నిలబడి, "ఈసారి పని పెద్దది బాలస్వామీ, జీపుతోని ఏం దినం గడుస్తది" అని పోయాడు.

ఆ రోజుల్లోనే పెళ్లివాళ్లను తీసుకుని గద్వాల అవతలి పల్లెకు పోయాం. నల్లరేగడి, ముందురోజే వాన. జీపు బురదను గెలిచింది కానీ, తిరిగి రోడ్డెక్కాక కింద ఏదో పటపట కొట్టుకోవడం మొదలైంది. మెల్లగా వనపర్తికి చేరితే, మెకానిక్ మస్తాన్ కిందకు దూరి, ముందు చక్రాలకు బలం తీసుకుపోయే షాఫ్టు విప్పి బయట పెట్టాడు.

"దీని సామాను హైదరాబాదు నుంచి రావాలె. అప్పటిదాక ఎనక చక్రాల మీదనే నడుపు. జర రేగడిల దిగకు."

చిన్నాయన రెండెద్దులను సంతలో అమ్ముకున్నవాడిలా ఇంటికి వచ్చాడు. ఆ వారమంతా జీపు మీద బరువు తక్కువ ఎక్కించాలని చూశాడు కానీ, మనవాళ్లు ఎక్కకుండా ఉంటారా. ముసలమ్మలకు మాత్రం కటుక్కు వినపడక గుండె దడ. శనివారం సాయంత్రం చిన్నమ్మ సీటు లేపి పుల్ల ముంచింది. తీసి చూసింది. మళ్లీ ముంచింది. పుల్ల సగం దాకా తడి.

"ఈ వారమంతా యాడ గూసున్నవ్?" అన్నది.

"గూసునుడేంది? రోజూ తిరిగిన."

"తిరిగితే పెట్రోలు ఎట్ల మిగులతది? వనపర్తిల పేకాట పత్తాల కాడ గూసున్నవా?"

"దావీదును అడుగు."

"వాడు నీ అన్న కొడుకు. నీ తట్టే చెప్తడు."

నేను కాలేజీ పుస్తకం తెరిచి ముఖం దాచుకున్నాను. చిన్నాయన ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. కష్టపడి మిగిలిన పెట్రోలే తన మీద నేరమైందని ఆయన అన్నం తినకుండా పడుకున్నాడు. తెల్లవారి ఆదివారం చర్చిలో ఇద్దరూ చెరొక మూల. సోమవారం పొద్దున చిన్నమ్మ బిడ్డను మా అమ్మకు అప్పజెప్పి, పుల్ల చేత పట్టుకుని ముందు సీట్లో ఎక్కి కూర్చుంది.

ఆ ప్రయాణం నాకు నిన్నటిలా ఉంది. గోపాల్‌పేట, వనపర్తి, పెబ్బేరు, బీచుపల్లి కాడ కృష్ణ మీది వంతెన, గద్వాల, మళ్లీ అదే దారిన వెనక్కి. ఆగిన ప్రతిచోటా మొగుణ్ని దించి, సీటు లేపి, పుల్ల ముంచేది. ఎక్కేవాళ్లంతా ఇదేదో కొత్త పూజ అనుకున్నారు. ఒక ముసలాయన "ఏమ్మా, బండికి జ్వరమా?" అని అడిగాడు. "బండికి గాదు, బండాయనకు" అన్నది. వంతెన మీద నది గాలికి ఆమె కొంగు ఎగిరి చిన్నాయన ముఖం మీద పడితే, ఆయన తీయకుండా కాసేపు అట్లాగే నడిపాడు. పొద్దు వాలే వేళ ఇంటి ముందు ఆఖరిసారి ముంచి చూసింది. అన్ని బస్తాలు, అంత మంది మనుషులు, అంత దారి. అయినా పుల్ల మీద తడి కొన దాటే ఉంది.

చిన్నమ్మ గడప మీద కూర్చుని ఆలోచించింది.

"ఇద్దరు చేసే పనికి మేస్త్రీ నలుగురిని తోలుకపోయిండనుకో," అన్నది చివరికి. "పని ఇద్దరిదే. అన్నం మాత్రం నలుగురికి పెట్టాలె గదా. గిది కూడా గంతే ఉన్నది. తారు రోడ్డు మీద ఆ ముందటి రెండు చక్రాలు నీతోని ఉత్తగనే నడుస్తున్నయ్, తిండి మాత్రం తింటున్నయ్."

ఎద్దుల లెక్క తప్పిందక్కడ, కూలి గుంపు లెక్క సరిపోయింది. చిన్నాయన ఆమె ముఖం చూసి, జీపు ముఖం చూసి, "మరి ఇన్ని దినాలు నన్నెవ్వరు ఆపలేదేందే" అన్నాడు. షాఫ్టు వచ్చింది, మస్తాన్ బిగించాడు. కానీ ఆ రోజు నుంచి కడ్డీకి చిన్నమ్మ పాత చీర పేలిక ముడివేసి ఉండేది. బురద వస్తేనే ముడి విప్పాలి. ముసలమ్మలు కటుక్కు కావాలని పేచీ పెడితే, "శాంతమ్మ తాన చీటీ తెచ్చుకో" అనేవాడు. దీపావళి తర్వాత లారీ వచ్చింది. గుంపువాళ్ల మూటలు, గిన్నెలు, చాపలు అన్నీ తన జీపులోనే వనపర్తి దాకా చేరవేశాడు. లారీ కదిలాక చేతులూపి, ఖాళీ జీపు తోలుకుంటూ ఇంటికి వచ్చి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించాడు. మా వాడంతా ఆ హారన్ విసుగొచ్చేదాకా విన్నది.

ఇప్పుడు ఆ దారుల్లో పోతుంటే ఇదే నేలా అనిపిస్తుంది. కాలువల్లో నీళ్లు వస్తున్నాయి, పల్లి వేసిన చోట వరి ఊగుతున్నది, దీపావళి తర్వాత లారీల కోసం ఎదురుచూసే వాడలు తగ్గాయి. తగ్గాయంతే, పూర్తిగా పోలేదు. అడుగడుగునా పెట్రోలు బంకు. సునంద బండిలో పుల్ల ముంచే పని లేదు, ఎదురుగా ఉన్న చిన్న తెరే లీటరుకు ఎంత వస్తుందో చెబుతుంది. డిపోలో నేను సాయంత్రమంతా చేసిన లెక్క అది కళ్లు మూసి తెరిచేలోగా చేస్తుంది. కాకపోతే బండి ఎక్కడికి, ఎవరి కోసం పోయిందో ఆ తెర అడగదు. డిపోలో నేను ముందు అడిగేది అదే. ఘాట్ రోడ్డు డ్రైవరును, చదును రోడ్డు డ్రైవరును ఒకే గీత మీద నిలబెట్టకూడదని మొదటి నెలలోనే నేర్చుకున్నాను.

కాబట్టి ఆ సాయంత్రం కథ అయిపోయాక, పాత కుర్చీలో కూర్చున్నట్టే కూర్చుని అడిగాను. "సునందా, నువ్వు బండి తీసుకుని అడవికి ఎన్నిసార్లు పోతవు?"

"వారానికి రెండుసార్లు. ఎవరన్న ఫోన్ చేస్తే ఇంకొకసారి. మిగతా రోజులు ఆఫీసుకు పక్కింటి సారు బండి మీద పోత."

"మరి మిగతా రోజులు ఈ బండి యాడుంటది?"

సునంద టీ గ్లాసు వైపు చూస్తూ పెదవులు బిగించింది. ఈసారి అది ఏడుపు కాదు, నవ్వు ఆపుకోవడమని నాకు అర్థమైంది.

"స్కూలుకు తీసుకపోత," అన్నాడు ప్రభాకర్. "ఎత్తుగుంటది మామా, రోడ్డు బాగ కనబడతది."

"నాగర్‌కర్నూల్ నుంచి కల్వకుర్తికి?"

"ఆఁ."

"రోజూ పోనురాను, తారు రోడ్డు మీద, ఒక్కనివే?"

"అప్పుడప్పుడు డ్రాయింగ్ సారు వస్తడు," అని, "మధ్యాహ్నం ఏసీ ఏసుకొని కాసేపు ఒరుగుత," అని కూడా చెప్పాడు. చెబుతూ చెబుతూ తన మాట తనే విన్నాడు. లెక్కల సారు కదా, నేను కట్టాల్సిన మొత్తాన్ని తనే కట్టేసుకున్నట్టు ముఖంలో కనబడింది. "మామా, అంటే పెట్రోలంతా..." అని ఆగిపోయాడు.

చిన్నమ్మ మంచం మీద నుంచి అందుకుంది. "అడివిల ఆవు ఈనేటప్పుడు దూడను తీసే బండిని, నువ్వు పండుకోనీకి కొండవోతున్నవా మనుమడా?"

ఎస్తేరు కొంగు అడ్డం పెట్టుకుంది. ప్రభాకర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆయనలో నాకు నచ్చేది అదే, తప్పు కనబడితే దాచుకోడు. అయినా పంతం పూర్తిగా వదల్లేదు. "మరి వాగుల దిగిన రోజు మైలేజీ ఏం మిగలదు గదా మామా, నేను చూసిన తెరల," అన్నాడు.

"మైలేజీ దిగనివ్వు," అన్నాను. "వాగు ఇవతల ఆగిపోయే కారు లీటరుకు ఎంతిచ్చినా, పెంటకు పోయే లెక్కల అది సున్నానే."

సునంద లేచి చల్లారిన టీ పారబోసి, అందరికీ మళ్లీ వేడిగా పెట్టుకుని వచ్చింది. గద్వాలాయనకు ఏం చెప్పాలన్నది మాత్రం ఆ రాత్రి ఎవరూ తేల్చలేదు. ప్రభాకర్ ఫోన్ చేతిలో తిప్పుతూ తిప్పుతూ నిద్రపోయాడు.

మరునాడు, సోమవారం. తెల్లారుతూనే పెంట నుంచి ఫోన్. రెండు ఆవులు మేత మానేశాయి, ఒకటి లేవడం లేదు. సునంద జడ వేసుకుంటూనే బయటికి నడిచింది. నేను వెళ్లేసరికి ప్రభాకర్ అప్పటికే వాకిట్లో ఉన్నాడు. వెనక సీటు మడిచి, మందుల పెట్టె సర్ది, ఐసు డబ్బా మూత బిగించి చూశాడు. చక్రాల గాలి కాలితో తట్టి చూశాడు. తాళం చెవి ఆమె చేతిలో పెట్టి, "వాగు కాడ దిగి లోతు చూసుకో," అన్నాడు. "సరే సారూ," అన్నది. బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడి, వచ్చి నన్ను కల్వకుర్తి బస్సు ఎన్నింటికని అడిగాడు. ఆ ప్రశ్న నన్నెవరైనా అడిగి చాలా కాలమైంది. చెప్పాను, ఏ పక్క కూర్చుంటే ఎండ పడదో కూడా చెప్పాను.

ఆయన బ్యాగు పట్టుకుని పోయిన కాసేపటికి గద్వాలాయన బామ్మర్దిని వెంటేసుకుని వచ్చాడు. మంచి మనిషి, చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చాడు. ఎస్తేరు టీ ఇచ్చింది. తాగి, వాకిట్లోకి తొంగి చూసి, "బండేది పెద్దమనిషీ?" అన్నాడు.

నేను మర్యాదగా ఎట్లా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటున్నాను. చిన్నమ్మ మంచం మీద నుంచే జవాబిచ్చింది.

"పనికి పోయింది నాయినా."